సంసోను చండ్రకర్ర

అశ్వారావుపేట దాటి అడవి వైపు పోయే రోడ్డు పక్కన ఒక పామాయిల్ మిల్లు ఉంది. ఆ మిల్లులో సంసోను చేతి దెబ్బ తినని మగవాడు లేడు. హెల్మెట్ ఉంటే హెల్మెట్ మీద పడేది, లేకుంటే వీపు మీద పడేది. ఆడవాళ్లను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు. ఆ తిట్లు విన్నవాళ్లు దెబ్బలే నయం అనేవారు.

సంసోను అక్కడ సేఫ్టీ సూపర్‌వైజర్. కంపెనీ అతనికి ఆకుపచ్చ జాకెట్టు, మెడలో వేసుకునే ఈల ఇచ్చింది. ఈలను మొదటి వారంలోనే గోడ మేకుకు తగిలించి, అడవిలోంచి తెచ్చిన చండ్రకర్ర ఒకటి చేతికి తీసుకున్నాడు. చండ్ర చేవ ఎంత గట్టిదో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, గొడ్డలికి కూడా ఓ పట్టాన లొంగదు. పామాయిల్ గెలలు ఉడికించే ఆవిరి కుక్కర్ తలుపును ఒత్తిడి దిగకముందే తీయబోయిన ఒకడి మణికట్టు ఆ కర్రకే వాచిపోయింది. వాడు పోయి యూనియన్‌కు చెప్పుకున్నాడు. యూనియన్ నాయకుడు వచ్చి, సంగతంతా విని, వాడికే నాలుగు చీవాట్లు పెట్టి పోయాడు. కొట్టడం తప్పు కాదా అంటే తప్పే, ఏ చట్టమూ ఒప్పుకోదు. ఆ తలుపు అప్పుడు తెరుచుకుని ఉంటే వాడికి మొహమంటూ మిగిలేది కాదు, అదీ నిజమే.

ప్రతి సోమవారం పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు అందర్నీ గేటు దగ్గర నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం కూడా అతని పనే. కంపెనీ పంపిన పాఠాలు అతను ముట్టుకునేవాడు కాదు. బీడీలు, సెల్‌ఫోన్లు, చెప్పులు, అన్నిటి మీదా గబగబా నాలుగు మాటలు అరిచి, చివర్లో తన బావి కథ చెప్పేవాడు. కొత్తవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు. పాతవాళ్లకు అది కంఠతా వచ్చు.

అతనిది మధిర వైపు పల్లె. వాళ్ల పత్తిచేలో ఒక పాతబావి చాలాకాలం వాడకుండా పడి ఉండేది. ఒక ఎండాకాలం పూడిక తీద్దామని అతని తండ్రి షాలేమ్‌రాజు తాడు పట్టుకుని దిగాడు. పాతబావిలోకి దిగేముందు లాంతరు వెలిగించి తాడుకు కట్టి కిందికి వదలాలి. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు, మనిషి దిగకూడదు. ఊళ్లో ముసలీముతకా అందరికీ తెలిసిన మాటే అది. ఆ రోజు లాంతరు ఇంటి దగ్గర మర్చిపోయారు. మళ్లీ ఎవరు పోయి తెస్తారులే అనుకున్నారు. సగం దిగేసరికి షాలేమ్‌రాజు తాడు వదిలేశాడు. పడ్డ చప్పుడు విని చిన్నాయన జోయెల్ "అన్నా" అంటూ దిగాడు. ఆయనా లేవలేదు. అప్పటికి సంసోనుకు మీసం వచ్చింది. మూడోవాడుగా దూకబోతుంటే ఊరివాళ్లు పట్టుకుని ఎద్దుల పగ్గంతో ట్రాక్టర్ చక్రానికి కట్టేశారు. కట్టేముందు అంచు నుంచి చూస్తే తండ్రి మొహం కనిపిస్తూనే ఉంది. కట్టిన ఆసామి వేలొకటి సంసోను పళ్లకు దొరికితే కొరికి తుంచేశాడు. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ అతనితో మాట్లాడలేదు.

"లాంతరు దించి ఉంటే మా నాయిన బతికేటోడు," అని ముగించేవాడు. "దీపం చూడకుండ గుంతల దిగినోడు మనిషి గాదు, శవం. యాదుంచుకోండ్రి."

ఆ కథను అందరికన్నా శ్రద్ధగా విన్నవాడు రూప్‌సింగ్. అడవి అంచున ఉన్న తండా అతనిది. మిల్లులో కాలువలు, గుంతలు శుభ్రం చేసే కాంట్రాక్టు ముఠాకు పెద్ద. తండ్రి లేని ఇంట్లో తనే తండ్రయి, కూలి చేసి తమ్ముడు శ్రీధర్‌ను ఐటీఐ చదివించాడు. శ్రీధర్ అదే మిల్లులో బాయిలర్ దగ్గర పర్మనెంటు ఉద్యోగంలో చేరిన రోజున రూప్‌సింగ్ సంసోనును వెతుక్కుంటూ వచ్చాడు.

"మా తమ్ముడు మీ కిందికొచ్చిండు సారూ. తప్పుచేస్తే కొట్టుండ్రి. చెయ్యి ఇడిచిపెట్టకుండ్రి," అన్నాడు.

"నువ్ చెప్పాల్నా," అని సంసోను నవ్వాడు. అతను నవ్వడం అరుదు.

ఆ మిల్లుకు తలనొప్పి నూనెతో కాదు, నూనె తీశాక మిగిలే మురుగుతో. వెనక గుంటల్లో అది కుళ్లుతూ ఉండేది. నిరుడు వానలకు గుంట కట్ట తెగి మురుగంతా వాగులో కలిసింది. చేపలు తెల్లటి పొట్టలు చూపిస్తూ తేలాయి. వాగు నీళ్లు తాగే ఊళ్లవాళ్లు కర్రలతో మిల్లు మీద పడ్డారు, వాచ్‌మన్‌ను కొట్టారు, లారీల అద్దాలు పగలగొట్టారు. ఒక రాయి వచ్చి సంసోను కనుబొమ్మ చీల్చింది. ఆ రోజు అతను కర్ర ఎత్తలేదు. ఇంటికి పోయాక భార్య సంపూర్ణ గాయం కడుగుతుంటే, "ఈ దెబ్బ న్యాయమైందే," అన్నాడు. "వాగును సంపినోళ్లం మేమే గదా."

ఆ గొడవ తర్వాత కంపెనీ గుంట తీసేసి, పైన స్లాబు మూతతో పెద్ద సిమెంటు ట్యాంకు కట్టించింది. వాసన ఆగిపోయింది. వాసనతోపాటు ప్రమాదం కూడా మూతపడిందని అందరూ అనుకున్నారు. లోపల గ్యాస్ పడుతుందని సంసోనుకు తెలుసు. "బీడీ తాగరాదు, దిగరాదు" అని బోర్డు పెట్టించాడు కూడా. అయితే బీడీ అంటే తప్పు, దీపం అంటే జాగ్రత్త. రెండూ నిప్పేనని ఎవరూ కలిపి చూడలేదు. సంసోనూ చూడలేదు, అక్కడే కొంప మునిగింది.

ఈసారి వానలకు గెలల లోడుల్లో ఇసుక ఎక్కువైంది. బురదలో ఈడ్చినవి కొన్ని, తూకం కోసం దళారులు కావాలని చల్లినవి కొన్ని. ఆ ఇసుకంతా కొట్టుకుపోయి ట్యాంకు అడుగున పేరుకుంది, పైపు మూసుకుపోయింది. పైనుంచి తనిఖీ రాబోతోంది. మేనేజర్ అనిల్‌కుమార్ చెడ్డవాడేం కాదు, తొందరపాటు మనిషి.

"ట్యాంకు జల్దీ కడిగించాలి సంసోను గారూ," అన్నాడు.

"మూత తీసి రెండ్రోజులు ఫ్యాన్ పెట్టి గాలి కొట్టాలె సార్. అప్పుడు నేనే దగ్గరుండి దింపుత."

"సరే, రేపు మూత అయితే తీయించండి."

ఇసుక రావడం ఆగకపోతే ఎన్నిసార్లు కడిగినా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని మర్నాడు పొద్దున్నే సంసోను లారీ కాంటా దగ్గర నిలబడ్డాడు. మూత తీయడమే కదా, గంటలో పోయి చూద్దామనుకున్నాడు.

కాంటా దగ్గర గోపాలు అనే దళారీ మూడు ట్రాక్టర్లతో వచ్చాడు. సంసోను ఒక గెలను కర్రతో తిరగేసి కొట్టాడు. ఇసుక జలజలా రాలింది.

"మర్రేసుకపో, లోపలికి రానియ్య," అన్నాడు.

"నువ్వెవడివిరా నా బండి మర్రేయనీకి?"

"ఈ కర్రను అడుగు, చెప్తది."

గోపాలు మనుషుల చేతుల్లో గెలలు గుచ్చి ఎత్తే ఇనుప శూలాలున్నాయి. ఒకడు దూకి పొడిచాడు. సంసోను ముంజేయి మోచేతి దాకా చీలింది. అతను రెండో చేత్తో కర్ర తిప్పాడు. పొడిచినవాడి దవడ పక్కకు పోయి, పళ్లు రెండు కాంటా రేకు మీద పడి చప్పుడైంది. గోపాలు కాలర్ పట్టుకుని ట్రాక్టర్ ఇంజనుకేసి మొహం రుద్దాడు. చుట్టూ జనం మూగారు, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియని స్థితి. సరిగ్గా అప్పుడే మిల్లు వెనక నేల అదిరింది.

అక్కడ జరిగిందేమిటో తర్వాత తెలిసింది. రూప్‌సింగ్ ముఠా స్లాబు మూత పక్కకు జరిపింది. లోపల చీకటి. దిగే పని ఇవాళ కాదు, రూప్‌సింగ్ దిగాలని కూడా అనుకోలేదు. గాలి ఎట్లా ఉందో చూసి పెడితే సారు వచ్చేసరికి పని సులువవుతుందనుకున్నాడు. లాంతరుకు బదులు పాలడబ్బాలో దూది కుక్కి, డీజిల్ పోసి, తీగ కట్టాడు. పక్కన ఉన్న భాను అనే కూలీ, "సారును రానీయన్నా," అన్నాడట.

"సారు చెప్పినట్టే జేస్తున్నం గదరా," అని రూప్‌సింగ్ డబ్బా వెలిగించి లోపలికి వదిలాడు.

బావిలో చెడుగాలి దీపాన్ని ఆర్పుతుంది. మురుగు కుళ్లిన గాలి అట్లా కాదు, గోబర్ గ్యాస్ పొయ్యిలాగా అంటుకుంటుంది. ట్యాంకు నోట్లోంచి మంట తాటిచెట్టంత లేచింది. స్లాబు రెండు ముక్కలై ఎగిరింది. భాను రేకుల షెడ్డు మీదికి విసిరేసినట్టు పోయి పడ్డాడు, ఒళ్లంతా కాలిపోయింది. అంచున వంగి ఉన్న రూప్‌సింగ్ లోపలికి పోయాడు.

సంసోను కాంటా వదిలి పరుగెత్తాడు. చేతి నెత్తురు దారంతా కారింది. అతను వచ్చేసరికి మంట ఒక్కసారి భగ్గుమని ఆగిపోయింది, పొగ మాత్రం నల్లగా పైకి వస్తోంది. మంట ఉన్న గాలినంతా తినేసింది. ఇప్పుడు ఆ ట్యాంకు అచ్చం షాలేమ్‌రాజు దిగిన బావే. లోపలినుంచి గొంతు వినిపించింది. "శ్రీధరూ... శ్రీధరూ..."

శ్రీధర్ బాయిలర్ దగ్గర్నుంచి చొక్కా విప్పి పారేస్తూ వస్తున్నాడు. సంసోను ట్యాంకు నోటికి అడ్డంగా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"దిగకు. లోపల గాలి లేదు. దిగితే నువ్ గూడ పోతవ్."

"మా అన్న పిలుస్తుండు సారూ. ఇనబడ్తలేదా నీకు?"

"ఇనబడ్తుంది."

"మరి పక్కకు జరుగు."

"గాలి సిలిండర్ తెస్తుండ్రు. నేను దిగుత. నువ్ దిగొద్దు."

శ్రీధర్ తల వంచి ఎద్దులాగా వచ్చి గుద్దాడు. సంసోను కర్రతో అతని భుజం మీద కొట్టాడు, శ్రీధర్ పడి లేచాడు. వీపు మీద కొట్టాడు, మళ్లీ లేచాడు. విరిగిన స్లాబు ముక్క తీసి సంసోను ఛాతీకి కొట్టాడు శ్రీధర్. ఎముక కలుక్కుమంది. కింద గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. పిలుపు సన్నబడుతున్న కొద్దీ శ్రీధర్‌కు పిచ్చెక్కింది, సంసోను కాళ్ల సందులోంచి పాకి అంచు పట్టుకున్నాడు. ఇంక ఆలోచించడానికి టైం లేదు. సంసోను చండ్రకర్రను రెండు చేతులా ఎత్తి, గొడ్డలి వేసినట్టు, అతని మోకాలి కింద వేశాడు. కాలు విరిగిన చప్పుడు మిల్లు మోతలో కూడా అందరికీ వినిపించింది.

ముఠాలో మిగిలినవాళ్లు సంసోను మీద పడ్డారు. అందరూ రూప్‌సింగ్ తండావాళ్లే. ఆపదలో ఉన్న తమవాణ్ణి వదిలి పైన నిలబడటం వాళ్ల ఇంటావంటా లేదు. ఒకడి చేయి విరిగింది, ఒకడి తల పగిలింది. రాళ్లు పడ్డాయి. సంసోను ఒక కన్ను మూసుకుపోయింది. అయినా అతను అంచు వదల్లేదు. కొడుతూనే ఏడ్చాడు. "చావుండ్రిరా, నన్ను జంపి అప్పుడు దిగుండ్రి," అని అరిచాడు.

అనిల్‌కుమార్ గాలి సిలిండర్ మోసుకుని ఆయాసపడుతూ వచ్చాడు. మిల్లుకంతటికీ ఉన్నది ఆ ఒక్కటే. సంసోను మాస్కు తొడుక్కుని, కర్రను మేనేజర్ చేతిలో పెట్టాడు.

"ఎవడు దిగబోయినా కాళ్లు ఇరగ్గొట్టు సార్. జాలిపడకు."

బతుకులో ఎవరి మీదా చెయ్యి ఎత్తని మనిషి ఆ అనిల్‌కుమార్. కర్ర పట్టుకుని అంచున నిలబడ్డాడు. సంసోను నడుముకు తాడు కట్టుకుని నిచ్చెన దిగాడు. అప్పటికే కింద పిలుపు ఆగిపోయింది. నడుము లోతు మురుగులో చేతులతో తడిమి రూప్‌సింగ్‌ను పట్టుకున్నాడు. పట్టుకున్నచోట చర్మం చేతికి ఊడి వచ్చింది. తాడు కట్టి పైకి పంపాడు. పైన పడుకోబెడితే, కమిలిన మొహంలో నోరు మాత్రం తమ్ముణ్ణి పిలుస్తున్నట్టే తెరుచుకుని ఉంది.

"సారు చెప్పినట్టే" అన్న మాట సంసోనుకు ఖమ్మం దవాఖానాలో తెలిసింది. కట్లలో చుట్టుకుని ఉన్న భాను మెల్లగా చెప్పాడు. సంసోను ఛాతీకి పట్టీ వేయించుకుని ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. రాళ్లకు పడనివాడు అక్కడ కూలబడ్డాడు. తండ్రి చావును ఇన్నేళ్లుగా మోసుకుని తిరిగింది ఇంకొకడు అట్లా చావకూడదనే. ఆ కథే పోయి రూప్‌సింగ్ చేతికి అగ్గిపెట్టె ఇచ్చింది.

పోలీసులు వచ్చారు, అడిగారు, పోయారు. మిల్లు మూతపడింది. శ్రీధర్ దవాఖానాలో అందరి ముందూ ఒకే మాట అన్నాడు. "మా అన్నను ఆయన మాట సంపింది. పిలుస్తుంటే నన్ను పోనియ్యలే." తండాలో మగవాళ్లు సంసోను కనబడితే నరుకుతామన్నారు. ఊరికే అనలేదు.

దినాలు అయ్యాక సంసోను చండ్రకర్ర తీసుకుని బయల్దేరాడు.

"ఏడికయ్యా?" అంది సంపూర్ణ.

"తండాకు."

"నిన్ను సంపుతరు."

"సంపనీ."

ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. అతను వెనక్కి తగ్గలేదు. కాసేపటికి ఆమే పక్కకు తప్పుకుని, చెప్పులు వేసుకుని అతని వెంట నడిచింది.

తండాలో రూప్‌సింగ్ తల్లి హేమ్లి వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన మంచం మీద సిమెంటు కట్టు కాలితో శ్రీధర్. సంసోనును చూసి నలుగురు గొడ్డళ్లతో లేచారు. హేమ్లి చెయ్యెత్తితే ఆగారు. సంసోను కర్రను ఆమె ముందు పెట్టి నేలమీద కూర్చున్నాడు.

"దీపం ముచ్చట చెప్పింది నేనే అమ్మా. అది బావులకే అని చెప్పలే. నీ కొడుకు నేను చెప్పినట్టే జేసిండు."

హేమ్లి లేచి కర్ర తీసుకుంది. వీపు మీద కొట్టింది, భుజాల మీద కొట్టింది, పట్టీ ఉన్న ఛాతీ మీద కొట్టింది. ముసలి ఒళ్లు, అయినా దెబ్బ దెబ్బకూ సంసోను మూలిగాడు. సంపూర్ణ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. శ్రీధర్ మంచం మీది నుంచి రెప్ప వేయకుండా చూశాడు, ఆపమనలేదు. ఒక దెబ్బకు, మిల్లు దగ్గర రాళ్లు తగిలి అయిన సంసోను నుదుటి గాయం మళ్లీ తెరుచుకుని నెత్తురు కళ్లలోకి కారింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

చేతులు పడిపోయాక హేమ్లి కర్ర మీద ఆనుకుని నిలబడి రొప్పింది.

"నీ నోరు నా పెద్దకొడుకును తిన్నది," అంది. "ఈ కట్టె సిన్నోణ్ణి నాకు మిగిల్చింది. నిన్ను నరకాల్నో మొక్కాల్నో నాకు తెలుస్తలేదు." కర్రను అతని ఒళ్లో పడేసింది. "తీస్కపో. ఆ కథ మాత్రం మళ్ల సగమే చెప్పకు."

ఆ ఆదివారం సంసోను చర్చికి పోలేదు. బస్సెక్కి మధిర వైపు తన పల్లెకు పోయాడు. తనను పగ్గంతో కట్టేసిన ఆసామి చనిపోయి చాలా కాలమైంది. సమాధి ఎక్కడుందో అడిగి పోయి, దాని పక్కన మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నాడో సంపూర్ణకు కూడా చెప్పలేదు.

మిల్లు మళ్లీ తెరిచారు. ట్యాంకుకు గ్యాస్ పోయే గొట్టం పెట్టారు, గ్యాస్ చూసే మీటరు కొన్నారు, ఇసుక లోడుల్ని గేటు బయటే ఆపుతున్నారు. ఇంత చేయడానికి ఒక ప్రాణం కావలసి వచ్చింది, మన దగ్గర ఎప్పుడూ అంతే. సోమవారం సంసోను ఇప్పుడు రెండు గుంతల కథ చెబుతాడు. ఒకటి మధిర వైపుది, ఒకటి ఇక్కడిది. రెండోదాన్ని కూడా చివరిదాకా చెబుతాడు.

శ్రీధర్ కాలు అతికింది కానీ పొట్టిదైంది. చంకకర్ర పెట్టుకుని పనికి వచ్చాడు. బాయిలర్ మెట్లు ఎక్కలేడని ట్యాంకు దగ్గర కాపలా డ్యూటీ ఇచ్చారు. ఆ డ్యూటీ తనే అడిగాడని కొందరంటారు. సంసోనుతో మాత్రం ఒక్క మాట లేదు. సంసోను ఎదురొస్తే మొహం తిప్పుకుని కుంటుకుంటూ పోతాడు. సంసోను ఒకసారి కూడా పలకరించబోలేదు. ఆ కోపం ఎట్లాంటిదో అతనికి తెలుసు.

ఎండలు ముదిరాక కొత్త కాంట్రాక్టు ముఠా వచ్చింది. నడివయసు మేస్త్రీ ఒకడు ట్యాంకు మూత పక్కన చతికిలబడి, చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల గీయబోయాడు. దూరం నుంచి చూసిన సంసోను కర్ర ఎత్తి ఉరికాడు. అతను చేరేలోపే శ్రీధర్ చంకకర్ర గాల్లో తిరిగి మేస్త్రీ చేతి మీద పడింది. వేళ్లు చిట్లాయి. అగ్గిపెట్టె ఎగిరి కాలువలో పడింది. ఆసరా పోయిన శ్రీధర్ కూడా నేల మీద పడ్డాడు.

మేస్త్రీ చేయి పట్టుకుని లబలబలాడాడు. "బీడీకే గింత కొడ్తరా?"

శ్రీధర్ లేవడానికి పెనుగులాడుతున్నాడు. సంసోను తన చండ్రకర్ర కొస అతని వైపు చాపాడు. శ్రీధర్ దాన్ని కాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులా పట్టుకుని, సంసోను మొహం వైపు చూడకుండానే, దాని మీద బరువేసి లేచి నిలబడ్డాడు.

"ఇది బావి గాదు," అన్నాడు మేస్త్రీతో. "సోమవారం రా, ఆయన చెప్తడు."